ఇరవై రెండు నెలలు ఊరికి దిక్కెవరు?

తెలంగాణలో కొత్త సర్పంచులు కుర్చీల్లో కూర్చున్నారు. చాలా ఊళ్లలో మెడలో దండ వాడకముందే బాకీల చిట్టా చేతికొచ్చింది. ట్రాక్టర్‌కు డీజిల్ పోయించే డబ్బుల్లేవు. మల్టీపర్పస్ వర్కర్లకు జీతాల బాకీ, కరెంటు బిల్లుల బాకీ. మోటారు కాలిపోతే బాగుచేయించిన మెకానిక్‌కూ బాకీయే. గెలిచినవాళ్లు ఊరికి ఏం చేయాలో ఆలోచించుకునే లోపే ఎవరికి ఎంత సర్దాలో లెక్క వేసుకోవాల్సి వస్తోంది. ఇది వాళ్లు చేసిన అప్పు కాదు. 22 నెలలు ఊరిని గాలికొదిలేసిన ప్రభుత్వం మిగిల్చిన అప్పు.

2024 ఫిబ్రవరి 1తో పాత పాలకవర్గాల గడువు తీరింది. మళ్లీ ఓట్లు పడింది 2025 డిసెంబరులో. పంచాయతీ గడువు ఐదేళ్లేనని, అది తీరకముందే తర్వాతి ఎన్నిక పూర్తి కావాలని రాజ్యాంగంలోని 243ఇ అధికరణం చెబుతోంది. వీలును బట్టి జరుపుకోండి అన్న మాట అందులో ఎక్కడా లేదు. హైకోర్టు 2025 జూన్‌లో మూడు నెలల గడువు పెట్టాక గానీ ప్రభుత్వంలో కదలిక రాలేదు. సెప్టెంబరు 30 నాటికి ముగించాలన్న ఆ గడువు కూడా దాటిపోయింది.

బీసీలకు 42 శాతం వాటా ఇవ్వాలనే ఆగామని ప్రభుత్వం అంటోంది. ఆ వాటా న్యాయమైనదే, మేమూ కాదనడం లేదు. కానీ స్థానిక సంస్థల్లో రిజర్వేషన్లు మొత్తం 50 శాతం దాటకూడదని సుప్రీంకోర్టు తేల్చింది 2010లో. జీవోతో ఆ గీత దాటలేమని తెలియడానికి ఇన్ని నెలలు కావాలా? చివరికి ఎన్నికలు జరిగింది ఆ గీతకు లోబడే. ఎక్కువ సీట్లు ఇస్తామంటూ ఆపిన ఆ 22 నెలల్లో రాష్ట్రం మొత్తం మీద ఒక్క బీసీ సర్పంచ్ లేడు. ఒక్క దళిత సర్పంచ్ లేడు. సగం కుర్చీల్లో ఉండాల్సిన మహిళలూ లేరు.

మమ్మల్ని అన్నిటికంటే భయపెడుతున్నది ఇది అలవాటైపోవడం. ఉమ్మడి రాష్ట్రంలో 2011 ఆగస్టులో గడువు తీరితే ఎన్నికలు జరిగింది 2013 జులైలో. 2018 ఆగస్టులో మళ్లీ గడువు తీరింది. తెలంగాణ 2019 జనవరి దాకా ఆగింది, ఆంధ్రప్రదేశ్ 2021 ఫిబ్రవరి దాకా ఆగింది. కరోనా వచ్చిందన్నారు, నిజమే. కానీ కరోనా రాకముందే ఏడాదిన్నర గడిచిపోయింది. 2011లో కాంగ్రెస్, 2018లో ఇక్కడ టీఆర్ఎస్, అక్కడ తెలుగుదేశం, ఆ తర్వాత వైఎస్సార్సీపీ, 2024లో మళ్లీ కాంగ్రెస్. ఎవరున్నా ఊరు మాత్రం సర్పంచ్ బదులు ప్రభుత్వం పెట్టే స్పెషలాఫీసర్ చేతికే పోయింది. దాదాపు ప్రతిసారీ రిజర్వేషన్ల కేసే అడ్డం చెప్పారు. ఒక ప్రభుత్వం ఆరు నెలలు ఆపి తప్పించుకుంటే తర్వాతది రెండేళ్లు ఆపుతుంది. ఆపినందుకు ఎవరికీ ఏమీ కానప్పుడు ఎందుకు ఆపరు?

స్పెషలాఫీసర్ పాలన ఎలా ఉంటుందో ఊళ్లో ఉన్నవాళ్లను అడగాలి. ఆయన ఎంపీడీవోనో, వ్యవసాయాధికారో, ఇంజినీరో అయి ఉంటాడు. చేతిలో సొంత శాఖ పని, పైన మూడు నాలుగు ఊళ్ల బాధ్యత. ఆయన వచ్చేది ఎప్పుడో, ఉండేది ఎంతసేపో ఎవరికీ తెలియదు. ఊరి బరువంతా పంచాయతీ కార్యదర్శి మీద పడింది. బ్లీచింగ్ పౌడర్‌కు, వీధి బల్బులకు, ట్రాక్టర్ డీజిల్‌కు జేబులో డబ్బు పెట్టిన కార్యదర్శులు ఎందరో. తెల్లారకముందే లేచి మోరీలు తీసే సఫాయి కార్మికులు నెలల తరబడి జీతం లేకుండా పనిచేశారు. బోరు ఎండిపోతే అడగడానికి సర్పంచ్ ఇంటి అరుగు ఉండేది. ఆ అరుగు కూడా లేకుండా పోయింది.

డబ్బు సంగతి ఇంకా ఘోరం. కేంద్రం నిధుల పంపకాన్ని సూచించే 15వ ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 వరకు దేశంలోని గ్రామీణ స్థానిక సంస్థలకు 2,36,805 కోట్ల రూపాయలు సిఫార్సు చేసింది. అందులో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికే ఖర్చు పెట్టాలి. మిగతా 40 శాతం ఊరు తన అవసరాన్ని బట్టి వాడుకోవచ్చు. షరతుల్లో ముఖ్యమైనది: ఎన్నికైన పాలకవర్గం ఉండాలి. ఈ షరతు ఉందని సచివాలయంలో అందరికీ తెలుసు. తెలిసీ ఎన్నికలు పెట్టలేదు, కేంద్రం నిధులు ఆపేసింది. ఆ ఆర్థిక సంఘం కాలం 2026 మార్చి 31 వరకే. ఊరికి సైడు కాలువ, నీళ్ల ట్యాంకు, చెత్త షెడ్డు కావాల్సిన డబ్బు అది. పల్లె అభివృద్ధి గురించి ప్రతి సభలో మాట్లాడే నాయకులు పల్లెకు నేరుగా వచ్చే డబ్బును తమ చేతులతోనే ఆపించారు.

2018 నాటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం సర్పంచ్‌తో ఎంత కఠినంగా ఉంటుందో చూడండి. నాటిన మొక్కల్లో 85 శాతం బతకకపోతే పదవికే ముప్పు. సస్పెండ్ చేసే అధికారం కలెక్టర్‌కు ఇచ్చారు. ఎండాకాలంలో నాలుగు మొక్కలు ఎండితే సర్పంచ్ సంజాయిషీ ఇవ్వాలి. 12 వేలకు పైగా పంచాయతీలను 22 నెలలు ఎండబెట్టినవాళ్లను సంజాయిషీ అడిగే చట్టం ఎక్కడుంది?

పాత సర్పంచుల గోడు వేరే. గత ప్రభుత్వం పల్లెప్రగతి పథకం నడిపిన రోజుల్లో వైకుంఠధామం (శ్మశానవాటిక) కట్టండి, డంపింగ్ యార్డు కట్టండి, ట్రాక్టర్ కొనండి అని గడువులు పెట్టి మరీ చేయించారు. వాళ్లు వడ్డీకి తెచ్చి, ఇంట్లో బంగారం కుదువ పెట్టి కట్టించారు. పనులు కొలిచి ఎంబీలు (కొలతల పుస్తకాలు) రాశారు, చెక్కులు మాత్రం ట్రెజరీలో ఆగిపోయాయి. చేయించింది పాత ప్రభుత్వం, ఇవ్వాల్సింది కొత్త ప్రభుత్వం అన్న వాదన మధ్య ఆ కుటుంబాలు నలిగిపోతున్నాయి. అడగడానికి హైదరాబాద్ బయల్దేరితే పోలీసులు ముందే ఇళ్ల దగ్గర ఆపారు. బాకీ ఊరి పేరు మీద ఉంది, ప్రభుత్వం మారితే అది మాఫీ కాదు. వీళ్ల గతి చూశాక రేపు ఏ కొత్త సర్పంచ్ ధైర్యం చేసి పనికి దిగుతాడు?

ఆంధ్రప్రదేశ్ పాలకులు ఇది పక్క రాష్ట్రం గొడవ అనుకోవద్దు. 2021లో గెలిచిన అక్కడి సర్పంచుల గడువు 2026 ఏప్రిల్ వరకే. పంచాయతీల ఖాతాల్లో పడిన ఆర్థిక సంఘం నిధులను కరెంటు బకాయిల కింద గత ప్రభుత్వం లాగేసుకుంటే సర్పంచులు పార్టీలకు అతీతంగా రోడ్డెక్కిన సంగతి ఎవరూ మరచిపోలేదు. అప్పుడు సర్పంచుల పక్షాన గట్టిగా మాట్లాడినవాళ్లే ఇప్పుడు అధికారంలో ఉన్నారు. ఆ మాట మీద నిలబడేది ఉంటే గడువు తీరకముందే ఎన్నికలు జరపాలి. ఒక్క నెల ఆగినా తెలంగాణ చూపిన దారిలో నడిచినట్టే.

తెలంగాణలోనూ పని సగమే అయింది. ఎంపీటీసీ, జడ్పీటీసీల గడువు 2024 జులైలోనే తీరింది. మండల పరిషత్తులు, జిల్లా పరిషత్తులు ఇప్పటికీ అధికారుల చేతుల్లోనే ఉన్నాయి. పంచాయతీలతో సరిపెట్టి దీన్ని నానబెడితే ఊరుకునేది లేదు. ముఖ్యమంత్రి ఆ ఎన్నికల తేదీ చెప్పాలి. పాత సర్పంచుల బిల్లులు ఏ తేదీకి చెల్లిస్తారో చెప్పాలి. 2026 మార్చి 31తో ముగిసే ఆ నిధుల్లో కేంద్రం నుంచి ఎంత రాబడతారో, వచ్చింది వచ్చినట్టు ఏ రోజు పంచాయతీ ఖాతాల్లో వేస్తారో చెప్పాలి. కమిటీలు వద్దు, సమీక్షలు వద్దు. మూడు తేదీలు చెప్పండి.