చెరువు పాచికి మైలుతుత్తం మందు కాదు

"చెరువు పాచి కాళ్లలోకి ఎక్కుతోంది. ఒళ్లు పచ్చబడుతుంది, ఇంటిల్లిపాదికీ అంటుకుంటుంది. మందు లేదు, మైలుతుత్తం పూయండి." నల్లగొండ నుంచి మిర్యాలగూడ దాకా ఉన్న చుట్టాలంతా ఈ మెసేజీనే పంపుతున్నారు. మొన్న మా చిన్నమ్మ ఫోను చేసి "మైలుతుత్తం నీళ్లలో కలపాలా, నూనెలోనా బిడ్డా?" అని అడిగింది. ఇక ఊరుకోలేను.

ఒళ్లు పచ్చబడటం అబద్ధం. మనుషులకు ఈ జబ్బు తెచ్చేది ప్రోటోథీకా అనే పాచి జాతి సూక్ష్మజీవి, దానిలో పత్రహరితమే లేదు. అంటుకోవడమూ అబద్ధమే, ఇది మనిషి నుంచి మనిషికి సోకదు.

మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) సంగతికి వద్దాం. బత్తాయి తోట తెగుళ్లకు మైలుతుత్తంతో బోర్డో మిశ్రమం కలిపిన ప్రతి రైతుకూ అది కంట్లో పడితే ఎంత మండుతుందో తెలుసు. దాన్ని పచ్చి పుండు మీద పూయమంటారా? చర్మం కాలుతుంది. పుండులోంచి రక్తంలోకి చేరితే ఎర్రకణాలు చితికిపోతాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి. చెరువులో పాచిని చంపుతుంది కాబట్టి ఒంట్లోనూ చంపుతుందట! అలాగైతే కలుపుమందు కూడా తాగమంటారా? ఇది రాసినవారు ఒక్క పుండైనా కడిగి కట్టు కట్టారా?

మందు లేదనడం ఇంకో ద్రోహం. బూజు జాతి జబ్బులకు వాడే ఇట్రాకొనజోల్, యాంఫోటెరిసిన్ బి దీనికీ వాడతారు. గడ్డ చిన్నదైతే కోసి తీసేస్తారు. కాకపోతే నెలల తరబడి ఓపిక పట్టాలి.

ఆ మెసేజీలోని ఒక్క మాట మాత్రం ఒప్పుకుంటాను. "డాక్టర్లు పోల్చుకోలేరు" అన్నది చాలావరకు నిజం. తామర అనో గజ్జి అనో పొరబడి స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్ ఇస్తే పుండు ఇంకా ముదురుతుంది. మానని పుండు నుంచి చిన్న ముక్క తీసి సూక్ష్మదర్శినిలో చూస్తేనే మల్బరీ పండులాంటి కణాల గుత్తులు బయటపడతాయి. పాడి పశువుల్లోనూ ఇది పొదుగువాపు తెస్తుంది, అదీ నిజమే.

1964లో మనిషిలో మొదటిసారి దీన్ని వివరించింది ఆఫ్రికా దేశం సియెర్రా లియోన్‌లోని ఒక వరి రైతు పాదంలోనే. నాట్లు వేసే మనకు భయం కలగడం సహజం. కానీ ఇది అత్యంత అరుదు. ఎక్కువగా గాయం ద్వారా చేరుతుంది, రోగనిరోధక శక్తి తగ్గినవారిలోనే ఒళ్లంతా పాకే ప్రమాదం ఎక్కువ.

చిన్నమ్మ కాలికి ఉన్నది మడమ పగులు. సబ్బుతో కడిగి, ఆరబెట్టి, కొబ్బరినూనె రాయమన్నాను. మైలుతుత్తం పొట్లం తోటకే పంపించేసింది.