ఇచ్చేటప్పుడే రాసుకోవాలి

హైదరాబాద్ శివార్లలోనో, విజయవాడ పరిసరాల్లోనో 80 లక్షల రూపాయల ఫ్లాటు కొనదలచిన ముప్పయ్యేళ్ల ఉద్యోగి ముందుగా వేసుకోవలసిన లెక్క ఒకటుంది. రిజర్వుబ్యాంకు నిబంధన ప్రకారం 30 లక్షలు దాటి 75 లక్షల లోపు ఉండే గృహరుణంలో బ్యాంకు ఇవ్వగలిగేది ఇంటి విలువలో 80 శాతానికి మించకూడదు. అంటే 64 లక్షలు. మిగతా 16 లక్షలు చేతి నుంచి పెట్టుకోవాలి. స్టాంపు, రిజిస్ట్రేషన్ ఖర్చులను ఆ విలువలో కలపడానికి వీల్లేదు కనుక, రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 7.5 శాతంగా ఉన్న ఆ ఖర్చుకు మరో 6 లక్షలు, నిర్మాణంలో ఉన్న ఫ్లాటయితే 5 శాతం జీఎస్టీ కింద ఇంకో 4 లక్షలు సిద్ధం చేసుకోవాలి. మొత్తం 26 లక్షలు. అద్దె కట్టుకుంటూ, పిల్లల్ని బడికి పంపుకుంటూ ఐదారేళ్ల సర్వీసులో ఇంత మొత్తం కూడబెట్టగలిగేవారు తక్కువ. కనుక ఆ లెక్క చివరికి ఊళ్లో ఉన్న తండ్రి దగ్గరికి చేరుతుంది. ఎకరమో అరెకరమో అమ్ముడుపోతుంది, పదవీ విరమణ నాడు చేతికందిన సొమ్ము బ్యాంకు డిపాజిట్‌లోంచి బయటికొస్తుంది, తల్లి నగలు కుదువకు వెళతాయి.

ఇందులో తప్పు పట్టవలసిందేమీ లేదని మా అభిప్రాయం. ఒక తరం కిందట మధ్యతరగతి మనిషి పీఎఫ్ డబ్బు చేతికొచ్చాక, యాభై దాటిన వయసులో ఇల్లు కట్టుకునేవాడు. ఇప్పుడు ముప్పయ్యేళ్లకే కొనకపోతే ఆ తర్వాత ధర అందదన్న భయం అందరిలోనూ ఉంది. ఇరవయ్యేళ్ల రుణం దొరకాలన్నా ఆ వయసే అనువైనది. తల్లిదండ్రులు ఎనభై ఏళ్లు బతికే కాలంలో వారి తదనంతరం వచ్చే ఆస్తి బిడ్డల చేతికి అందేనాటికి ఆ బిడ్డలు తమ పిల్లల పెళ్లిళ్ల ఆలోచనలో ఉంటారు. పోయాక రావలసినదాంట్లో కొంత అవసరమైన వయసులో ముందే ఇవ్వడం తెలివైన పనే. చట్టమూ ఇందుకు అడ్డు రాదు. చనిపోయినవారి ఆస్తిపై వేసే ఎస్టేట్ డ్యూటీ 1985లోనూ, గిఫ్ట్ ట్యాక్స్ 1998లోనూ రద్దయ్యాయి. తల్లిదండ్రులు బిడ్డలకు ఇచ్చే సొమ్ముపై, ఆ మాటకొస్తే మామగారు అల్లుడికి ఇచ్చే సొమ్ముపై కూడా, పుచ్చుకున్నవారు ఆదాయపు పన్ను కట్టనక్కర్లేదు.

చిక్కు వచ్చేది ఆ సొమ్ముకు పేరు పెట్టకపోవడం దగ్గర. పెద్దకొడుకు ఫ్లాటుకు తండ్రి ఇచ్చిన 20 లక్షలు అప్పా, సాయమా, వాటాలో ముందు చెల్లింపా అన్న ప్రశ్న ఆ రోజున ఎవరూ అడగరు. అడగడం మర్యాద కాదనుకుంటారు. పదిహేనేళ్ల తర్వాత, తండ్రి పోయి దినకర్మలు ముగిసిన మూడోనాడు, పెద్దమనుషుల మధ్య తమ్ముడు అడుగుతాడు. అప్పటికి ఆ 20 లక్షలు అన్న దృష్టిలో నాన్న ప్రేమ, తమ్ముడి దృష్టిలో అమ్ముడుపోయిన ఎకరం. పైగా అన్న ఫ్లాటు విలువ రెండింతలయి ఉంటుంది, ఊళ్లో అమ్మానాన్నలను చూసుకుంటూ ఉండిపోయిన తమ్ముడి వాటాకు మిగిలింది పాత పెంకుటిల్లు. ఈ తగవును చట్టం తీరుస్తుందనుకుంటే పొరపాటు. తండ్రి బతికుండగా ఒక బిడ్డకు ఇచ్చినదాన్ని, వీలునామా లేకుండా ఆయన కన్నుమూసినప్పుడు ఆ బిడ్డ వాటాలోంచి మినహాయించాలని హిందూ వారసత్వ చట్టంలో ఎక్కడా లేదు. మిగిలినదాన్ని సమానంగా పంచడమే కోర్టు చేయగలిగేది. న్యాయం జరగాలని తండ్రికి ఉంటే ఆయనే వీలునామాలోనో, భాగ పరిష్కార పత్రంలోనో ఆ మాట రాసి పోవాలి.

వారసత్వం మీద పెంచుకునే నమ్మకాల్లో చట్టం తెలియకపోవడం వల్ల పుట్టేవి కూడా తక్కువేమీ కావు. తాత ఆస్తి అనగానే మనవడికి పుట్టుకతో హక్కు ఉంటుందని రచ్చబండ మీద కూర్చున్న ప్రతివారూ చెబుతారు. తాత తన స్వార్జితాన్ని పంచకుండా పోతే, 1956 నాటి హిందూ వారసత్వ చట్టం 8వ సెక్షన్ కింద అది కొడుకు సొంత ఆస్తిగానే సంక్రమిస్తుందనీ, మనవడికి అందులో పుట్టుకతో వాటా రాదనీ సుప్రీంకోర్టు 1986లోనే స్పష్టం చేసింది. తల్లిదండ్రుల స్వార్జితమైన ఇంట్లో, పెళ్లయినా కాకపోయినా, కొడుకు ఉండేది వారి దయ మీదే తప్ప హక్కుగా కాదని ఢిల్లీ హైకోర్టు 2016లో చెప్పింది. ‘ఎప్పటికైనా నాదే కదా’ అన్న ధీమాతో పెద్దల ఇంటిని లెక్కలో వేసుకుని అప్పులు చేస్తున్న యువకులకు ఈ రెండు తీర్పులూ ఎవరైనా ముందే చెబితే మేలు.

ఈ లెక్కల్లో అందరికన్నా ఎక్కువ నష్టపోతున్నది కూతురు. ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకు కొడుకుతో సమాన హక్కు ఇస్తూ హిందూ వారసత్వ చట్టానికి ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణ, ఎన్.టి.రామారావు ప్రభుత్వ హయాంలో, 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చింది. దేశమంతటికీ ఆ హక్కు దక్కడానికి మరో ఇరవయ్యేళ్లు, 2005 సెప్టెంబరు 9 దాకా ఆగవలసి వచ్చింది. రాష్ట్ర చట్టం అప్పటికే పెళ్లయినవారిని పక్కనపెట్టింది. 2005 సవరణలో ఆ తేడా లేదు. ఆ తేదీకి తండ్రి జీవించి ఉన్నా లేకున్నా కూతురి హక్కు పుట్టుకతో వచ్చినదేనని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది. అయినా సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయాల్లో అక్కచెల్లెళ్లు అన్నదమ్ములకు హక్కు విడుదల పత్రాలు రాసిచ్చి, పట్టుచీరతో తిరిగి వెళ్లడం మానలేదు. పుట్టింటి గడప శాశ్వతంగా మూసుకుపోతుందేమోనన్న బెంగ ఆ సంతకం వెనుక ఉంటుంది. విచిత్రమేమంటే, పాతికేళ్ల కిందట ఆమె పెళ్లికి పెట్టిన ఖర్చు, ఇచ్చిన బంగారం, పసుపు కుంకుమల కింద రాసిన కుంట భూమి అందరికీ పైసలతో సహా గుర్తుంటాయి. కొడుకు ఇంజినీరింగ్ సీటుకు కట్టిన డొనేషన్, అమెరికా చదువుకు తెచ్చిన అప్పు, ఫ్లాటు మొదటి విడతకు పోసిన సొమ్ము ఏ జాబితాలోనూ ఎక్కవు. అన్నీ రాసి చూస్తే చాలా ఇళ్లలో బాకీ ఉన్నది కూతురు కాదని తేలుతుంది.

ఇక అల్లుడి పేరిట ఫ్లాటు కొనిపెట్టే ఆనవాయితీ వేరే ఉంది. మాటలు ఎంత మృదువుగా ఉన్నా, పెళ్లికి షరతుగా అడిగి తీసుకుంటే అది 1961 నాటి చట్టం నిషేధించిన కట్నమే. కూతురికి గూడు కల్పించాలన్నదే ఉద్దేశమైతే దస్తావేజు కూతురి పేరిట ఉండాలి.

పెద్దల సొంత నీడ మాటేమిటి? కొడుకు ఫ్లాటులో తమకూ ఒక గది ఉంటుందన్న నమ్మకంతో ఊళ్లో ఇల్లు అమ్మేసేవారు, ఉన్న ఇంటినే గిఫ్ట్ డీడ్‌గా రాసిచ్చేసేవారు చాలామంది. ఒకసారి రిజిస్టరయిన దానాన్ని ఇష్టం వచ్చినప్పుడు వెనక్కి తీసుకోవడం కుదరదు. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టంలోని 23వ సెక్షన్ ఇక్కడ ఆదుకుంటుంది కానీ, తమ అవసరాలు చూడాలన్న షరతుతో ఆస్తి ఇచ్చి ఉంటేనే. 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు ముందుకొచ్చిన ఒక తల్లి ఆ షరతును చూపించలేక ఓడిపోయారు. 2025 జనవరి 2న తీర్పు పొందిన మధ్యప్రదేశ్ తల్లి గెలిచారు. దానపత్రం రాసినప్పుడే కొడుకు తనను చూసుకుంటానని విడిగా రాసిచ్చిన కాగితం ఆమె దగ్గర ఉండటమే తేడా. సంతానం పట్టించుకోకపోతే ఆర్డీవో స్థాయి ట్రైబ్యునల్‌కు వెళ్లవచ్చు. అయితే అది ఇప్పించగల గరిష్ఠ భృతి నెలకు 10 వేల రూపాయలే. పదిహేడేళ్లకు పైగా ఆ పరిమితిని కేంద్రం సవరించకపోవడం మాకు అర్థం కాని విషయం.

ఇల్లు బిడ్డలకు రాసిస్తూనే బతికినంతకాలం అనుభవ హక్కు తమకే అట్టేపెట్టుకునే దారి కూడా ఉంది. అలా రాసిన దానం చెల్లుతుందని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి వెళ్లిన కేసులోనే 2014లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. మన ప్రాంతం నుంచి వెళ్లిన వ్యాజ్యమే అయినా మన పల్లెల్లో దీని ఊసు తెలిసినవారు తక్కువ. అరవై దాటినవారికి ఇంటి హామీ మీద బ్యాంకు నెలనెలా సొమ్ము ఇచ్చే రివర్స్ మార్ట్‌గేజ్ పథకాన్ని 2007 బడ్జెట్‌లో ప్రకటించారు. దానికి ఆదరణ దక్కలేదు. ఇల్లు బ్యాంకు పాలయితే పిల్లలకు ఏం మిగులుతుందన్న మాటే అందుకు ముఖ్య కారణం. ఆ పిల్లలకు అప్పటికే సొంత ఇళ్లు ఉన్నా, వారు డల్లాస్‌లో స్థిరపడి ఊరి ఇంటికి తాళం వేయించినా, ఆ మాట మారదు.

ప్రభుత్వాలు చేయవలసినదీ ఉంది. తొలి ఇల్లు కొనేవారికి స్టాంపు సుంకంలో రాయితీ ఇస్తే, పై లెక్కలోని 26 లక్షల్లో రెండు మూడు లక్షలైనా తగ్గి ఆ మేరకు తండ్రి పొలం మిగులుతుంది. మహిళలకు మహారాష్ట్ర ఇస్తున్న ఒక శాతం తగ్గింపు లాంటిది తెలుగు రాష్ట్రాలకు అసాధ్యమేమీ కాదు. అంతకన్నా తేలిక పని రిజిస్ట్రేషన్ శాఖ చేతిలోనే ఉంది. దానపత్రాలు సాధారణంగా దస్తావేజు లేఖరుల దగ్గర సిద్ధంగా ఉండే నమూనాల నుంచే తయారవుతాయి; వాటిలో పోషణ షరతు గానీ, అనుభవ హక్కు గానీ ఉన్నదీ లేనిదీ రాయించేవారికి తెలియదు. అరవై దాటిన వ్యక్తి ఆస్తి రాసిస్తున్నప్పుడు ఆ రెండూ కావాలా వద్దా అని సబ్‌రిజిస్ట్రార్ ఆమెనో, ఆయననో స్వయంగా అడిగి, జవాబును పత్రంలోనే నమోదు చేయాలని ఉభయ ప్రభుత్వాలూ ఒక ఉత్తర్వు ఇవ్వాలి. ఆ ప్రశ్న అడిగే సమయంలో కొడుకులు, కోడళ్లు గది బయట ఉండాలి.