పుచ్చు వంకాయలు

ఆవిడ: అబ్బబ్బబ్బా! వంకాయలు ఏరడంలో మీ తరవాతే నండీ ఎవరైనా. అరకేజీలో ఆరు పుచ్చులు!

ఆయన: చొక్కా అయినా విప్పకముందే సాధింపు మొదలెట్టావూ?

ఆవిడ: ఇది సాధింపెలా అవుతుంది? సాధించాలంటే ఇదే మాట పొద్దున కాఫీతో ఓసారి, రాత్రి పెరుగన్నంతో ఓసారి, కనీసం వారం అనాలి. ఇది ఒట్టి వెటకారం. మాట పొగడ్తే, పోటంతా గొంతులో ఉంటుంది. ‘అబ్బబ్బా’ సరిగ్గా సాగకపోతే నిజంగా మెచ్చుకున్నాననుకుంటారు. మొన్న దొండకాయలప్పుడు అనుకున్నారుగా.

ఆయన: ఇదిగో, ఎత్తిపొడిచావు!

ఆవిడ: కాదు, దెప్పాను. పాత తప్పు తవ్వితే దెప్పడం. ఎత్తిపొడుపు పక్కవాళ్ళ మీదుగా వచ్చి తగులుతుంది. ‘పక్కింటాయన ముచ్చిక ఎత్తి చూడందే కాయ సంచీలో వెయ్యరట’ అన్నాననుకోండి...

ఆయన: ముచ్చిక ఎత్తి ఏం చూస్తాడు?

ఆవిడ: పురుగు దూరేది అక్కడినుంచేగా! కాయ పైకి నిగనిగలాడుతూనే ఉంటుంది.

ఆయన: కట్టుకున్నవాణ్ణి ఇన్నేసి మాటలా?

ఆవిడ: దేవుణ్ణే అన్నారు. రామదాసు భద్రాచలం రాముణ్ణి ‘ఎవడబ్బ సొమ్మని కులుకుతూ తిరిగేవు’ అని కడిగేశాడు. కాసుల పురుషోత్తమ కవి శ్రీకాకుళాంధ్రదేవుడి మీద శతకంలో నిందాస్తుతి చెప్పాడు. తిట్టినట్టుండే పొగడ్త అది. నాది దానికి తలకిందులు.

ఆయన: ‘అబ్బ తిట్టితినని ఆయాసపడవద్దు’ అని రామదాసు బతిమాలుకున్నాడు కూడా. ఆ ముక్క మింగేశావేం?

ఆవిడ: దెబ్బలకు ఓర్వలేక తిట్టానని కారణం చెప్పుకున్నాడు పాపం. నా కారణం చూడండి, చాటలో పాకుతోంది.

ఆయన: ఇన్నేళ్ళుగా సంచీలు మోస్తున్నా, ఒక్క మంచి మాటకు నోచుకోలేదు.

ఆవిడ: ఆఁ, ఇది నిష్ఠూరం! బాగా ఆడారు. చనువున్నచోటే చెల్లుతుంది. పరాయివాళ్ళ దగ్గర ఆడితే మొహం తిప్పుకుంటారు.

ఆయన: మరి చీవాట్లు?

ఆవిడ: పెద్దవాళ్ళు పెట్టాలి. మీ అమ్మగారు ఊర్నుంచి రానివ్వండి. ఆఫీసులో మీ పైవాళ్ళు పెడితే మర్యాదగా ‘అక్షింతలు పడ్డాయి’ అంటారుగా, అవీ అవే.

ఆయన: అయితే నాదీ ఓ వెటకారం. అబ్బో, వంకాయలు ఏరాలంటే మీ నాన్నగారే...

ఆవిడ: పుట్టింటి జోలికొచ్చారా? గుత్తివంకాయ చేద్దామనుకున్నాను. ఈ పూటకి చారన్నం తినండి.