తాళం కప్పకు గొంతు కావాలా?

ఇద్దరు ముగ్గురు మాత్రమే పనిచేసే చిన్న మ్యూజియం. సందర్శకుల్ని ఆకట్టుకోవడానికి తక్కువ ఖర్చులో డిజిటల్ సాధనాలు పెడదామంటాడు అక్కడ స్వచ్ఛందంగా పనిచేస్తున్న కుర్రాడు. ఆగమంటుంది పాతికేళ్లుగా ఆ వస్తువుల్ని కనిపెట్టుకుని ఉన్న సంరక్షకురాలు. ఇది రాస్తున్న నేను చాలాసేపు ఆవిడ పక్షమే.

కుర్రాడు: మేడమ్, నిన్న గంటసేపు ఆ ఇత్తడి తాళం కప్ప దగ్గరే కూర్చున్నాను. ఒక్కరు ఆగితే ఒట్టు. "తాళం కప్ప, ఇత్తడి" అని రాసి ఉంటే ఎందుకు ఆగుతారు? తాళం చెవి సగం తిప్పి, వెనక్కి లాగి, మళ్లీ తిప్పితేనే అది తెరుచుకుంటుంది. ఆ సంగతి మీకూ నాకూ తప్ప ఎవరికీ తెలీదు.

సంరక్షకురాలు: అదే మాట చీటీ మీద రాయి నాయనా. దానికి ఫోనెందుకు?

కుర్రాడు: రాస్తాను. కానీ తెరుచుకునేటప్పుడు లోపల పలకలు ఒకదాని తర్వాత ఒకటి జారే చప్పుడు ఉంది చూడండి, అది చీటీలో ఎలా పెట్టను? మొన్న మీరు తుడుస్తూ తీసినప్పుడు ఫోన్‌లో రికార్డు చేశాను. పక్కన ఒక క్యూఆర్ కోడ్ అంటిస్తే చాలు. 1994లో జపాన్‌లో కార్ల విడిభాగాల లెక్క కోసం పుట్టిన కోడ్ అది. పేటెంట్ ఉన్నా వాడుకునేవాళ్ల దగ్గర డబ్బు అడగలేదు. అందుకే మనకి ఉచితం.

సంరక్షకురాలు: ఉచితం అంటేనే నాకు గుబులు. ఒకసారి ఒక సైట్‌లో ఉచితంగా కోడ్లు చేయించి ప్రతి వస్తువుకీ అంటించాం. ఆరు నెలలయ్యాక ఒకాయన స్కాన్ చేస్తే డబ్బు కట్టమనే పేజీ వచ్చింది. ఆయన తలెత్తి నా ముఖం చూశాడు. ఏం చెప్పాలో తోచలేదు.

కుర్రాడు: అవి డైనమిక్ కోడ్లు మేడమ్. కోడ్‌లో ఉండేది మన చిరునామా కాదు, వాళ్ల లింకు. స్కాన్ చేసినవాళ్లు ముందు వాళ్ల దగ్గరికి వెళ్లి, అక్కడినుంచి మన దగ్గరికి వస్తారు. చందా ఆగితే దారి మూసేస్తారు. స్టాటిక్ కోడ్‌లో మన వెబ్ చిరునామా నేరుగా ఉంటుంది. దానికి గడువు లేదు, మధ్యలో ఎవరూ లేరు.

సంరక్షకురాలు: కోడ్ బతికే ఉంటుంది సరే, దాని వెనకున్నది బతకాలిగా? వెబ్ పేజీల్లో కదిలే బొమ్మలు ఆడించే ఫ్లాష్ 2020 చివర్లో పోయింది. త్రీడీ నమూనాలు దాచుకునే గూగుల్ పాలీ 2021 జూన్‌లో మూతపడింది. వాటిని నమ్ముకున్నవాళ్లు పడ్డ కష్టం ఎవరు తిరిగిస్తారు? ఆ తాళం వయసులో నాకన్నా పెద్దది, నా తర్వాతా ఉంటుంది.

కుర్రాడు: అందుకే, అసలు ఫైళ్లు మన దగ్గరే ఉండాలంటాను. ఆడియో ఎంపీ3, ఫొటో జేపెగ్, రాత మామూలు పేజీ. రేపు ఒక వేదిక మూతపడితే ఇంకోచోట పెట్టుకుంటాం.

సంరక్షకురాలు: ఆ ఫైళ్లకి పేర్లెవరు పెడతారు? సగం వస్తువులకి యాక్సెషన్ నంబర్లే, అంటే మ్యూజియంలో చేరినప్పుడు ఒక్కో వస్తువుకీ ఇచ్చే నంబర్లే, సరిగా లేవు. జాబితా పూర్తికాకుండా, వస్తువుల్ని వెబ్‌లో చూపించే ఓమెకా సాఫ్ట్‌వేర్ అంటావు, ఆడియో గైడ్ అంటావు. సాఫ్ట్‌వేర్ ఉచితమే, సర్వర్‌నీ అప్‌డేట్లనీ చూసుకునే మనిషి ఉచితం కాదు. నువ్వు వచ్చే ఏడు ఇక్కడ ఉంటావా?

(ఈ ప్రశ్నకి కుర్రాడు వెంటనే జవాబివ్వలేదు. ఇవ్వకపోవడమే నిజాయితీ అనిపించింది నాకు.)

కుర్రాడు: ఉండకపోవచ్చు. అయితే ఓమెకా వద్దు. నేను లేకపోయినా నడిచేదే పెడదాం. ముందు స్ప్రెడ్‌షీట్‌లో నంబర్లు పూర్తి చేస్తాను, ఫైల్ పేరు ఆ నంబరే. ఇక వేరే భాషవాళ్ల సంగతి చూడండి. 2011లో ఇంగ్లండ్‌లోని డెర్బీ మ్యూజియంలో క్యూఆర్‌పీడియా అని మొదలుపెట్టారు. కోడ్ ఒక్కటే, ఫోన్ ఏ భాషలో ఉంటే ఆ భాషలో వికీపీడియా వ్యాసం తెరుచుకుంటుంది. ఒక చీటీ మీద ఎన్ని భాషలు పట్టిస్తాం?

సంరక్షకురాలు: అది బాగుంది. కానీ ఆ భాషలో వ్యాసం ఉండాలిగా.

కుర్రాడు: లేకపోతే రాద్దాం. రాస్తే మనకే కాదు, అందరికీ ఉంటుంది.

సంరక్షకురాలు: ఫోన్ లేనివాళ్లో? చెవులు వినపడనివాళ్లో?

కుర్రాడు: కౌంటర్ దగ్గర ఒక పాత ఫోను, హెడ్‌ఫోన్లు పెడదాం. ఆడియోలో ఉన్న ప్రతి మాటా పెద్ద అక్షరాల్లో అచ్చువేసి పక్కనే ఉంచుదాం.

సంరక్షకురాలు: మూడు వస్తువులకే. నాలుగోది అడగకు. వాటి ముందు మనుషులు ఎంతసేపు నిలబడుతున్నారో గడియారం పట్టుకుని చూడు. కోడ్ గాజు మీద అంటించకు, లైటు మెరిసి కెమెరాకి అందదు. పక్క గోడకి, చక్రాల కుర్చీలో ఉన్నవాళ్లకీ అందే ఎత్తులో పెట్టు.

కుర్రాడు: ఆ మూడింట్లో తాళం ఒకటి కదా మేడమ్?

సంరక్షకురాలు: ఏదీ, వినిపించు.

(ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని రెండుసార్లు విన్నది.)

సంరక్షకురాలు: మొదట్లో ఆ మాటలన్నీ ఎందుకు? తీసెయ్. చప్పుడుతోనే మొదలవ్వాలి. నువ్వు చెప్పేది తర్వాత చెప్పు.