ఏథెన్స్‌ను నేలమట్టం చేయాలా?

క్రీ.పూ. 404. గ్రీకు నగరాలు ఏథెన్స్, స్పార్టాల మధ్య 27 ఏళ్ల కిందట మొదలైన యుద్ధం చివరికొచ్చింది. అంతకుముందు ఏడాది ఈగోస్‌పొటమై దగ్గర, ఒడ్డుకు లాగి ఉన్న ఏథెన్స్ ఓడలను స్పార్టా సేనాని లైసాండర్ దాదాపు అన్నీ పట్టేశాడు. ముట్టడిలో ఆకలికి మాడిన ఏథెన్స్ సంధి కోసం కబురు పంపింది. ఆ ఊరిని రూపుమాపాలని స్పార్టా జట్టులోని నగరాలు థీబ్స్, కోరింత్ పట్టుబట్టాయి. స్పార్టా ఒప్పుకోలేదు. ఇంతవరకు చరిత్ర. కింది సంభాషణ మాత్రం నా ఊహ.

థీబ్స్ దూత: పెద్దాయనా, ఇంకా ఆలోచనేమిటి? ఊరు కూల్చి, జనాన్ని బానిసలుగా అమ్మేసి, ఆ నేలను గొర్రెలకు వదిలేయండి. మెలోస్ దీవిలో వాళ్లు చేసిందేమిటి? మేం ఎవరి జట్టులోనూ చేరం అన్నందుకు మగవాళ్లను నరికారు, ఆడవాళ్లనూ పిల్లలనూ అమ్ముకున్నారు.

స్పార్టా పెద్ద: మెలోస్ గుర్తుంది. మరి మీ పక్కనే ఉంటూ ఏథెన్స్‌తో జట్టుకట్టిన ప్లాటియా? మనకు లొంగిన 200 మందికి పైగా మనుషులను మీ మాట మీదే కదా చంపించాం! ఆ తర్వాత ఊరిని పునాదులతో సహా పెకలించి, ఆ ఇళ్ల కప్పులూ తలుపులతో సత్రం కట్టుకున్నారు మీరు.

దూత: మాట మాదే. కత్తి మీది.

పెద్ద: (కాసేపు ఆగి) కాదనను. కానీ పర్షియా మన మీదికి దండెత్తినప్పుడు, మారథాన్‌కు మేం చేరేసరికి పోరు అయిపోయింది. గెలిచింది ఏథెన్స్ వాళ్లూ, ఆ ప్లాటియా వాళ్లే. సలామిస్ సముద్రపోరులో మన వైపు ఎక్కువ ఓడలూ ఏథెన్స్‌వే. తర్వాత ప్లాటియా పొలాల్లో మీ తాతలు పర్షియా పక్షాన నిలబడి మా మీదే ఈటెలు ఎత్తారు.

దూత: తాతల మాట సరే, నిన్నటి మాట చెప్పండి. మీ ఓడల్లో తెడ్లు వేసేవాళ్లకు రోజుకు 3 ఒబోల్ నాణేలు ఉన్న కూలిని 4 చేసిందెవరు? పర్షియా యువరాజు సైరస్ కాదా? అయినా ఏథెన్స్ చేసిన మేలుకు వడ్డీతో సహా వసూలు చేసుకుంది. పర్షియా భయం చూపించి దీవులన్నిటి దగ్గరా చందాలు దండి, డెలోస్‌లోని ఉమ్మడి ఖజానాను తన ఇంటికి తరలించుకుంది.

పెద్ద: అందుకే ఓడించాం. ఓడించడం వేరు, ఊరే లేకుండా చేయడం వేరు.

దూత: ఆ నీతి మీ పొలాలు దున్నే కట్టుబానిసలు హెలాట్లకు చెప్పండి, నవ్వుకుంటారు! అసలు సంగతి చెప్పనా? ఏథెన్స్ లేకపోతే మేం బలిసిపోతామని మీ భయం.

పెద్ద: అనుకో. నీ గడప పక్కన ఏథెన్స్ వాళ్ల సీమ అటికా అంతా ఖాళీగా పడి ఉంటే, నువ్వు గొర్రెలను మాత్రమే తోలతావా?

(దూత జవాబివ్వడు. ఈ ప్రశ్నకు థీబ్స్ దగ్గర మంచి జవాబు ఉండేదని నాకూ అనిపించదు.)

పెద్ద: ఏథెన్స్‌ను రేవుతో కలిపే పొడవు గోడలు కూలాలి. 12 ఓడలు తప్ప అన్నీ అప్పగించాలి. మా శత్రువు వాళ్లకూ శత్రువే. మా షరతులు ఇవీ.

దూత: కోరలు పీకి బుట్టలో పెట్టుకుంటారన్నమాట. ఇక ఆడించేది మీరే.

పెద్ద: నువ్వు కాకుంటే చాలు.

(పిల్లనగోవులు మోగుతుండగా గోడలు కూల్చారు. స్పార్టా అండతో గద్దెనెక్కిన ముప్పైమంది నిరంకుశుల పాలనలో బతకలేక ఏథెన్స్ వాళ్లు చాలామంది పారిపోయారు. వాళ్లలో కొందరికి ఆశ్రయమిచ్చిన ఊరు థీబ్స్.)