సిఫార్సు లేఖ లేనిదే డ్రాగన్ దర్శనం లేదు

తిరుపతిలో సొంతిల్లున్నా, అద్దెకుంటున్నా, చివరికి బస్టాండు పక్కన టీ కొట్టు పెట్టుకున్నా సరే, కొండ మీద దర్శనానికి సిఫార్సు లేఖ అంటే ఏమిటో ఎవరూ నేర్పక్కర్లేదు. ఏళ్ల తరబడి పలకరించని మేనత్త కొడుకు హైదరాబాద్ నుంచి ఫోన్ చేసి "బావా, బాగున్నావా, అక్కయ్య ఎలా ఉంది" అన్నాడంటే మూడో మాట లెటర్ గురించే అని మనకు తెలుసు. లెటర్ ఎవరిస్తారు, ఏ రోజుకిస్తారు, ఎంతమందికిస్తారు, ఆధార్ నంబర్లు ఎప్పటిలోగా పంపాలి, బ్రహ్మోత్సవాలప్పుడూ వైకుంఠ ఏకాదశికీ ఆ లేఖలు ఎందుకు చెల్లవు, ఇదంతా ఈ ఊళ్లో ఐదో తరగతి పిల్లాడు కూడా చెబుతాడు. ఇంత పకడ్బందీ పద్ధతి కళ్లెదుట పెట్టుకుని, పుస్తకాల దగ్గరికొచ్చేసరికి మాత్రం ఎవరు పడితే వాళ్లు, ఎవరికి పడితే వాళ్లకి, ఏది పడితే అది సిఫార్సు చేసేస్తుంటే చూస్తూ ఊరుకోవడం ఇక నా వల్ల కాదు.

ముఖ్యంగా టీనేజ్ పిల్లల డిస్టోపియా, ఫాంటసీ నవలల విషయంలో పరిస్థితి చేయి దాటిపోయింది. తెలియనివాళ్ల కోసం చెబుతున్నా: డిస్టోపియా అంటే పదహారేళ్ల అమ్మాయి, ఒక చెడ్డ ప్రభుత్వం, ఒక పరీక్ష, ఇద్దరు అబ్బాయిలు. ఫాంటసీ అంటే పదహారేళ్ల అమ్మాయి, ఒక చెడ్డ రాజు, ఒక డ్రాగన్, ఆ ఇద్దరు అబ్బాయిలే. ఎవరో తల్లి పాపం "మా పాప హ్యారీ పాటర్ ఏడు భాగాలూ చదివేసిందండీ, తర్వాత ఏమివ్వమంటారు" అని అడగడమే ఆలస్యం, టీ చల్లారేలోపు నలభై పేర్లు వచ్చి పడతాయి. పాపకు ఎన్నేళ్లు అని ఒక్కరూ అడగరు. ఏడో భాగంలో వరసగా అంతమంది చనిపోతుంటే తట్టుకుందా, లేక మధ్యలో మూసేసి అయిపోయిందని అబద్ధం చెప్పిందా అని అసలే అడగరు. తమకు నచ్చింది కాబట్టి ఆమెకూ నచ్చాలి, నచ్చకపోతే ఆమె చదవడంలోనే ఏదో లోపం ఉంది.

దీనివల్ల జరిగే ప్రమాదాలు చిన్నవి కావు. ఎ కోర్ట్ ఆఫ్ థార్న్స్ అండ్ రోజెస్ అని ఒక సిరీస్ ఉంది. 2015లో మొదటి భాగం వచ్చినప్పుడు టీనేజ్ అరలోనే పెట్టారు, తర్వాత ప్రచురణకర్తలే నాలుక కరుచుకుని కొత్త అట్టలు వేసి పెద్దవాళ్ల అరకు మార్చారు. అర మారిన సంగతి సిఫార్సు చేసేవాళ్ల దాకా ఇంకా రాలేదు. వాళ్లు అట్ట మీద పువ్వులూ ముళ్లూ చూసి, అందులో దేవకన్యల కథలుంటాయని చెప్పి, ఏడో తరగతి పాపకు రాసిచ్చేస్తున్నారు. ఆ పాప రెండో భాగం చదువుతూ భోజనానికి పిలిచినా పలకడం లేదని, చదువుల తల్లి అయిపోయిందని ఇంట్లోవాళ్లు మురిసిపోతున్నారు. ఆ మురిపెం చెడగొట్టడం నాకిష్టం లేదు. కానీ వాళ్ల నాన్న ఒక్కసారి ఏదో పేజీ తెరిచి నాలుగు లైన్లు చదవకుండా ఉండాలని మాత్రం ఏడుకొండలవాడికి మొక్కుకుంటున్నా.

అందుకని నా ప్రతిపాదన ఏమిటంటే, పుస్తకాల సిఫార్సుకు కూడా కోటా పెట్టాలి. ఎమ్మెల్యే గారి లెటర్‌కు అంత విలువ ఎందుకొచ్చింది? ఆయన రోజూ అడిగినవాళ్లందరికీ ఇవ్వలేడు గనక. ఉన్నవి కొన్నే కాబట్టి ఎవరికివ్వాలి, ఇస్తే రేపు మనకు పనికొస్తాడా, అని ఆయన ఎంతో కొంత ఆలోచిస్తాడు. ఆ మాత్రం ఆలోచన పుస్తకాలు చెప్పేవాళ్లకూ రావాలంటే నెలకు మూడు మించి సిఫార్సు చేయకూడదని రూలు పెట్టాలి. చెప్పిన పుస్తకాన్ని అవతలివాళ్లు యాభయ్యో పేజీ దాటకుండా పక్కన పడేస్తే వచ్చే నెల కోటాలో ఒకటి కోత. సినిమా చూసి నవల చదివినట్టు చెప్పినవాళ్లకు ఏడాది పాటు సర్వదర్శనం క్యూ తప్ప వేరే దారి లేదు, అంటే ఇంకొకరు చెప్పింది వినడమే తప్ప తాము నోరెత్తకూడదు. ఇంటర్ పరీక్షలప్పుడు లేఖలన్నీ రద్దు. మార్చి నెలలో ఒక పిల్లాడి చేతికి ఐదు భాగాల సిరీస్ పెట్టేవాణ్ని ఏమనాలో మా వీధిలో తల్లులకు బాగా తెలుసు, అచ్చులో రాయలేను.

అడిగేవాళ్లకు కూడా నిబంధనలుండాలి, వాళ్లేం తక్కువ తినలేదు. "మంచి ఫాంటసీ ఏదైనా చెప్పండి" అని ఊరికే అడిగితే దరఖాస్తు తిరస్కరిస్తాం. వయసు రాయాలి. ఆఖరున చదివిన పుస్తకం పేరు, అది ఏ పేజీలో ఆగిందో నిజాయితీగా రాయాలి. కుక్కపిల్ల చనిపోతే తట్టుకోగలరా, అన్నయ్య చనిపోతే తట్టుకోగలరా అన్నవి వేర్వేరు గడులు, ఎందుకంటే అన్నయ్య పోతే ఓర్చుకుని కుక్కపిల్ల పోతే పుస్తకాన్ని గోడకేసి కొట్టేవాళ్లు చాలామంది ఉన్నారు. ఇద్దరబ్బాయిల్లో ఎవరని తేల్చుకోవడానికి అమ్మాయికి గరిష్ఠంగా ఎన్ని పేజీలు ఇవ్వగలరు అన్న గడి తప్పనిసరి. నా వరకు నూటయాభై. ఆ తర్వాత పెద్దలు కూర్చుని మాట్లాడాల్సిందే.

ఇక ఈ నెల నా కోటా ఎవరికిస్తున్నానో ప్రకటించేస్తా.

మొదటి లేఖ లోయిస్ లౌరీ రాసిన ది గివర్ మీద. 1993లో వచ్చింది, మరుసటి ఏడాదే అమెరికాలో పిల్లల పుస్తకాలకిచ్చే న్యూబెరీ మెడల్ వచ్చింది, పైగా పల్చటి పుస్తకం. అందులో ఊరికి రంగులు ఉండవు, నొప్పి ఉండదు, ఎవరూ ఎవరితోనూ గట్టిగా మాట్లాడరు. పన్నెండేళ్లు రాగానే పెద్దల కమిటీ ఒక సభ పెట్టి ఏ పిల్లాడు ఏ ఉద్యోగం చేయాలో చెప్పేస్తుంది, ఇక చచ్చేదాకా అదే. జోనాస్ అనే పిల్లాడికి మాత్రం ఊరందరి పాత జ్ఞాపకాలూ మోసే పని పడుతుంది, అక్కణ్నుంచి వాడికి రంగులు కనిపించేకొద్దీ ఆ ఊరు ఎంత భయంకరమైనదో మనకు కనిపిస్తుంది. కనిపించాలి, అదీ రచయిత్రి ఉద్దేశం. మా వీధిలో ఒక తండ్రికి ఈ కథ వివరంగా చెబితే ఆయన చాలా శ్రద్ధగా విని, "పన్నెండేళ్లకే తేల్చేస్తారా! మనకెప్పుడు వస్తాది సార్ ఆ సిస్టమ్" అన్నాడు. కాబట్టి లేఖ పిల్లలకు మాత్రమే చెల్లుతుంది, తల్లిదండ్రులు వాడుకోరాదు.

రెండోది ది హంగర్ గేమ్స్. 2008 నాటిది, అందరికీ తెలిసిందే, మళ్లీ కోటా దండగ అంటారు. అనండి. ఈ పుస్తకాన్ని అందరూ తప్పు కారణానికి సిఫార్సు చేస్తున్నారని నా ఫిర్యాదు. బాణాలు, మండే గౌను, ఇద్దరబ్బాయిలు అంటూ చెబుతారే తప్ప అసలు సంగతి రేషన్ అని ఒక్కరూ చెప్పరు. పానెం అనే దేశంలో రాజధాని చుట్టూ 12 జిల్లాలు, ఏటా జిల్లాకొక అబ్బాయి, ఒక అమ్మాయి, మొత్తం 24 మందిని చీటీ తీసి పంపిస్తే చివరికి ఒక్కరే ప్రాణాలతో మిగలాలి. (24 మందిలో ఒకరు అంటే మా ఊరి కోచింగ్ పిల్లలకు "ఛాన్స్ బానే ఉందే" అనిపిస్తుంది, వాళ్లను తప్పుపట్టలేం.) చీటీ అందరికీ సమానమే అనుకుంటాం. కాదు. ఇంట్లో తిండి లేని పిల్లలు తమ పేరు అదనంగా వేయించుకుంటే ఒక మనిషికి ఏడాదికి సరిపడా ధాన్యం, నూనె ఇస్తారు, అవి కూడా బొటాబొటిగానే. ఇంట్లో ఎన్ని నోళ్లుంటే అన్నిసార్లు వేయించుకోవచ్చు, పాత చీటీలు పోవు, ఏటేటా పోగవుతాయి. అలా కథానాయిక కాట్నిస్ పేరు 20 సార్లు, ఆమె స్నేహితుడు గేల్ పేరు 42 సార్లు ఆ గాజు పాత్రల్లో పడి ఉంటాయి. వేలిముద్ర పడలేదని రేషన్ షాపు ముందు అరగంట నిలబడిన ఏ అవ్వకైనా ఈ ఒక్క ముక్క చెప్పి చూడండి, మిగతా కథ ఆవిడే ఊహించి చెబుతుంది. టీవీలో ఛానళ్లు మారుస్తుంటే ఒకదాంట్లో రియాలిటీ షో, ఇంకోదాంట్లో ఇరాక్ యుద్ధం కనిపించి ఈ కథ తట్టిందని రచయిత్రి సుజాన్ కాలిన్స్ చెప్పారు. మన ఇళ్లలో రిమోట్ మనకంటే ఎక్కువ తిప్పుతాం, ఒక్క నవలా రావడం లేదు.

జిల్లాల లెక్క విషయంలో మాత్రం పిల్లలకు ఇబ్బందేమీ ఉండదు. పానెంలో పన్నెండేనని చెబుతారు, పదమూడోది నాశనమైందంటారు, అది కింద ఎక్కడో దాక్కుని ఉంటుంది. మనకు పదమూడు ఉండేవి, 2022 ఏప్రిల్ 4న తెల్లారేసరికి ఇరవయ్యారు అయ్యాయి, చిత్తూరు జిల్లాలో పడుకున్న మేం తిరుపతి జిల్లాలో నిద్రలేచాం. ఏ కాగితానికి ఏ కలెక్టరేట్‌కు పోవాలో తెలియక పెద్దవాళ్లు తిరిగారు గానీ, పిల్లలు శుభ్రంగా పాఠం మార్చి చదువుకున్నారు.

డైవర్జెంట్‌కు లేఖ అడిగారు, ఇవ్వలేదు. పదహారేళ్లకు ఒక పరీక్ష పెట్టి, ఐదు వర్గాల్లో ఒకదాన్ని ఎంచుకోమని, వేరే వర్గం ఎంచుకుంటే ఇల్లు వాకిలి వదిలేయమనే కథ అది. ఎంపీసీనా బైపీసీనా అని హాస్టల్‌లో దించేసి వచ్చిన ఇంట్లో దాన్ని ఫాంటసీ అని ఎలా నమ్మించను? ది మేజ్ రన్నర్ కూడా అంతే. గోడల మధ్య అబ్బాయిలు, నెలకొకడు కొత్తవాడు, బయటికి దారి తెలియదు. హాస్టల్ పిల్లాడికిస్తే డైరీ అనుకుంటాడు.

మూడో లేఖ పాతదానికి, ఎవరూ అడగని దానికి. ఉర్సులా లెగ్విన్ రాసిన ఎ విజార్డ్ ఆఫ్ ఎర్త్‌సీ, 1968. మంత్రవిద్య నేర్పే బడికి వెళ్లిన కుర్రాడి కథ, హ్యారీ పాటర్ కంటే 29 ఏళ్లు ముందు. ఆ గెడ్ అనే కుర్రాడు మన రంగువాడే, రాగి ఛాయ. అట్టలు వేసినవాళ్లు చాలాకాలం అతణ్ని తెల్లగా చేసి చూపించారు, ఫెయిర్‌నెస్ క్రీమ్ పిచ్చి ఒక్క మనకే కాదన్నమాట. అందులో దేని అసలు పేరు తెలిస్తే దాని మీద పట్టు వస్తుంది. గోవిందనామాలు వింటూ పెరిగిన ఊళ్లో పేరుకు బలముందని వేరే చెప్పాలా. ఇద్దరబ్బాయిల గొడవ లేదు, చెడ్డ ప్రభుత్వం లేదు, పొగరుతో తానే వదిలిన నీడ తన వెంటపడుతుంటే కుర్రాడు పారిపోయి పారిపోయి, చివరికి తిరిగి దాన్నే తరుముతాడు. సముద్రం, పడవ, చలి. పుస్తకం మూసేశాక కాసేపు ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాదు. ఇంతకంటే వ్యంగ్యం దీని మీద నా దగ్గర లేదు.

కోటా అయిపోయింది. అయినా "బలమైన హీరోయిన్ కావాలి సార్, మారువేషాలుండాలి, ప్రతీకారం ఉండాలి" అని ఇంకా అడుగుతూనే ఉన్నారు, అదీ ఎవరు? మా ఊరి తాతయ్యగుంట గంగమ్మ గుడి దగ్గర పుట్టి పెరిగినవాళ్లు. నాయనా, మే నెలలో గంగమ్మ జాతరప్పుడు మీ వీధి నిండా తిరుగుతున్నదేమిటి? కొత్తగా పెళ్లయిన ఆడపిల్లల్ని చెరబట్టే పాలెగాడొకడు. అవిలాలలో పెరిగిన గంగమ్మ మీద చేయి వేయబోయి, ఆమె అసలు రూపం చూసి హడలిపోయి ఎక్కడో దాక్కుంటాడు. వాణ్ని బయటికి లాగడానికి ఆమె రోజుకో వేషం కడుతుంది, బైరాగి, బండ, తోటి. ఆ వేషాలే ఊరంతా కడుతుంది: ఒకరోజు ఒళ్లంతా తెల్ల సుద్ద, ఒకరోజు కుంకుమ, ఒకరోజు బొగ్గు. బ్యాంకులో క్లర్కు, బడిలో డ్రిల్లు మాస్టారు చీరలు కట్టుకుని, పూలు పెట్టుకుని మొక్కు తీర్చుకుంటారు. నోరారా బూతులు తిట్టినా ఎవరూ ఏమీ అనుకోని రోజు కూడా ఉంది, ఏ నవలా లోకంలోనూ ఇంత ఉదారమైన చట్టం నేను చూడలేదు. అమ్మవారు దొర వేషంలో వచ్చేసరికి, నిజంగా దొరే వచ్చాడనుకుని పాలెగాడు బయటికొస్తాడు. తల తెగిపోతుంది. ఆ తర్వాత మాతంగి వేషంలో వెళ్లి, వాడి పెళ్లాన్ని ఓదారుస్తుంది కూడా. విలన్ భార్య ఏమైపోయిందో ఏడు భాగాల సిరీస్‌లో కూడా ఎవరూ వెనక్కి తిరిగి చూడరు.

ఎవరైనా కుర్రకారు దీన్ని టీనేజ్ ఫాంటసీగా రాస్తే వచ్చే ఏడాది నా కోటా మొత్తం వాళ్లకే రాసిస్తా, ఆధార్ కూడా అడగను. షరతు ఒక్కటే. ఒకే భాగంలో ముగించాలి. గంగమ్మ వారంలో పని పూర్తి చేసింది.