బానెట్ కింది తడిగుడ్డకు బహిరంగ లేఖ

తడిగుడ్డా,

అనంతపురంలో మే నెలలో ఏ కారు ఆగినా మెకానిక్ కంటే ముందు వచ్చేది నువ్వే. బానెట్ ఎత్తడం ఆలస్యం, ఒకాయన సోడా కొట్టు దగ్గర్నుంచి నీళ్ల బాటిల్ తెస్తాడు, ఇంకొకాయన భుజం మీది టవల్ తీసి తడుపుతాడు, "ఎయిర్ లాక్ అన్నా, ఏం కాదులే, గుడ్డేస్తే లేస్తాది" అని మూడో ఆయన తీర్పు చెప్పేస్తాడు. అరగంటకు బండి నిజంగానే లేస్తుంది. పేరు నీకొస్తుంది, పనిచేసిన ఆ అరగంటను మాత్రం ఎవరూ పట్టించుకోరు.

నీ సీనియారిటీని కాదనను. అంబాసిడర్, ఫియట్ రోజుల్లో నువ్వు చేసింది నిజమైన పనే. ఆ బండ్లలో పెట్రోల్ పంపు ఇంజిన్‌కే బిగించి ఉండేది, వెనక ట్యాంకు నుంచి పెట్రోల్‌ను పీల్చుకోవాలి, పీల్చేచోట ఒత్తిడి తగ్గుతుంది, ఒత్తిడి తగ్గితే పెట్రోల్ ఇంకాస్త తొందరగా మరుగుతుంది, ఆవిరి నిండిన పంపు ఏమీ తోడలేక ఊరికే కొట్టుకుంటూ ఉంటుంది. మనవాళ్లు ఎయిర్ లాక్ అనేది దీన్నే. నువ్వు దాని మీద కూర్చుంటే ఆవిరి మళ్లీ పెట్రోల్ అయ్యేది. గుత్తి నుంచి పెనుకొండ దాకా ఎన్ని పెళ్లి బృందాలు నీ పుణ్యాన ముహూర్తానికి చేరాయో.

నా గొడవ ఆ తర్వాతి కాలం గురించి. నాది 1980ల నాటి రెండు డోర్ల స్పోర్ట్స్ కారు, బెంగళూరులో కొన్నది. (అది విన్నాక చుట్టాలందరూ నా తెలివి గురించి అనాల్సినవన్నీ అనేశారు, నువ్వు కొత్తగా అనక్కర్లేదు.) అందులో ఉన్నది కే-జెట్రానిక్. 1973లో పోర్షె 911తో మొదలై బెంజ్, వోల్వో, గోల్ఫ్ జీటీఐ దాకా వెళ్లిన మెకానికల్ ఇంజెక్షన్, అంటే కార్బురేటర్ లేకుండా పెట్రోల్‌ను ఒత్తిడితో ఇంజిన్‌కు చిమ్మే ఏర్పాటు. దీని పంపు ఎలక్ట్రిక్‌ది, వెనక ట్యాంకు దగ్గరే ఉంటుంది, సుమారు 5 బార్ల ఒత్తిడితో పెట్రోల్‌ను ముందుకు నెడుతుంది. ఇదంతా చెబితే నీ భక్తులు వింటారా? పంపు వెనక ఉంటే నిన్ను తెచ్చి ముందు పరుస్తారు, అదీ సరిగ్గా ప్లగ్గులకు కరెంట్ పంచే డిస్ట్రిబ్యూటర్ క్యాప్ మీద. నీళ్లు క్యాప్‌లోకి కారి, అప్పటిదాకా ఒక రోగమున్న బండికి రెండో రోగం మొదలవుతుంది. ఇంజిన్ పొగ బయటికెళ్లే, కాలుతున్న పోత ఇనుము మ్యానిఫోల్డ్ మీద పడ్డావంటే అది పగిలినా పగలొచ్చు. తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఇదే కాబోలు.

ఇక బండి లక్షణాలు విను. పొద్దున చల్లగా ఉన్నప్పుడు సెల్ఫ్ ఇలా కొట్టగానే లేస్తుంది. ఎంత ఎండలో నడిపినా, ఆపి వెంటనే కొడితే లేస్తుంది. ఆపి, ఒక టీ తాగి, పక్కాయనతో కాసేపు రాజకీయాలు మాట్లాడి వస్తే మాత్రం సెల్ఫ్ చక్కగా తిరుగుతూనే ఉంటుంది, ఇంజిన్ పలకదు. రెండు గంటలు వదిలేస్తే ఏమీ జరగనట్టే లేచి కూర్చుంటుంది. ఎందుకంటే ఇంజిన్ ఆపగానే బానెట్ కింద వేడి తగ్గదు, కాసేపు పెరుగుతుంది. రేడియేటర్ నీళ్లు తిరగడం ఆగింది, ఎదురుగాలి ఆగింది, ఇనుములో ఉన్న వేడంతా పక్కనున్న పైపులకు ఎక్కుతుంది. పెట్రోల్‌లోని తేలిక భాగాలు మామూలు ఒత్తిడిలో 40 డిగ్రీలకు అటూఇటూగానే మరగడం మొదలుపెడతాయి, మన ఊళ్లో మేలో నీడలోనే అంత ఉంటుంది. అందుకే ఇంజిన్ ఆపాక కూడా పైపుల్లో కొంత ఒత్తిడి నిలిచి ఉండాలి. దాన్ని నిలబెట్టేది పెట్రోల్‌ను వెనక్కి పోనివ్వని, పంపులోని చెక్ వాల్వ్, ఇంకా లోపల స్ప్రింగూ డయాఫ్రమూ ఉండే అక్యుములేటర్ అనే డబ్బా. వీటిలో ఏది లీకైనా ఒత్తిడి పడిపోతుంది, ఇంజెక్టర్లకు పెట్రోల్ బదులు ఆవిరి అందుతుంది. దానికి తోడు ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. ఆ కాలపు రబ్బరుకు దీని అలవాటే లేదు.

నీ అసలు నేరం ఏమిటంటే, ఈ రోగం కనిపించేది ఆ కొద్ది నిమిషాలే, వాటిని నువ్వు తినేస్తావు. నిన్ను వెతకడం, తడపడం, పిండడం, పరచడం, ఈలోపు బండి చల్లబడుతుంది. పామిడి దగ్గర పెన్న వంతెన మీద ఆగినప్పుడైతే నిన్ను తడపడానికి నదిలోకి దిగుతానన్నాడు ఒక పుణ్యాత్ముడు. మే నెలలో పెన్నలో నీళ్లట! బండిని షెడ్డుకు చేర్చేసరికి అంతా బాగానే ఉంటుంది, జ్వరం దిగాక థర్మామీటర్ పెట్టినట్టు. ఇక మెకానిక్ ఏం చేస్తాడు పాపం, అంచనా మీద ప్లగ్గులు మారుస్తాడు, ఆ తర్వాత కాయిల్, ఆ తర్వాత బ్యాటరీ. ఆ పక్కనే పెనుకొండ కియా ప్లాంటులో కొత్త కార్లు తయారవుతుంటే, ఇక్కడ నా పాత కారు కూడా ఒక్కో సామానూ మార్పించుకుని కొత్తదవుతోంది.

ఆ నిమిషాల్లో చూడాల్సింది వేరే ఉంది. ముందు సెల్ఫ్ ఎలా తిరుగుతోందో వినాలి. బరువుగా తిరిగితే మీటర్ పట్టుకుని, సెల్ఫ్ కొడుతుండగా బ్యాటరీ పాజిటివ్‌కూ సెల్ఫ్ మోటార్ బోల్టుకూ మధ్య చూడాలి, అర వోల్టు కన్నా ఎక్కువ చూపిస్తే కేబుల్‌నో దాని జాయింట్లనో అనుమానించాలి. రాగి వేడెక్కితే డిగ్రీకి 0.4 శాతం లెక్కన రెసిస్టెన్స్ పెరుగుతుంది, సైలెన్సర్ పైపు పక్కనే ఉండే సెల్ఫ్ మోటార్‌కు అది చిన్న విషయం కాదు. చురుగ్గా తిరుగుతుంటే ప్లగ్గులో కరెంట్ వస్తోందా చూడాలి. రాకపోతే కాయిల్‌ను నడిపించే ఇగ్నిషన్ మాడ్యూల్ కింద, దాని వేడి లాగేయడానికి పూసే తెల్ల పేస్టు ఎండిపోయిందేమో చూడాలి, ఆ మాడ్యూల్ వేడికి పని మానేసి చల్లబడగానే మళ్లీ పనిచేసే రకం. కరెంట్ ఉండి ప్లగ్గు తడిసి ఉంటే పెట్రోల్ ఎక్కువైంది, ఇంజెక్టర్ కారుతోందేమో. పొడిగా ఉంటే పెట్రోల్ అందలేదు. నా బండిలో పొడిగానే ఉంది. పంపుకు కరెంట్ ఇచ్చే స్విచ్ లాంటి రిలే తీసి, జంపర్ వైరు వేసి, పంపును కాసేపు తిప్పాక సెల్ఫ్ కొడితే టక్కున లేచింది. నిన్ను ముట్టుకోకుండా, చుక్క నీళ్లు ఖర్చు కాకుండా.

అంటే ఒత్తిడి నిలవడం లేదు. ఏది లీకవుతోందో తేలాలంటే ఒత్తిడి చూపే గేజ్ బిగించి, ఇంజిన్ ఆపి, ముల్లును చూస్తూ కూర్చోవాలి. ఆపగానే ముల్లు సున్నాకు పడిపోతే ముందు అనుమానం చెక్ వాల్వ్ మీద. మెల్లగా దిగితే అక్యుములేటర్ వెనక సన్న పైపు పీకి చూడాలి, అందులోంచి పెట్రోల్ కారితే డయాఫ్రమ్ చిరిగినట్టే.

గేజ్ తెప్పించాను. దాన్ని బిగించాలంటే పైపు నట్టు విప్పాలి, లోపల ఒత్తిడి ఏమాత్రం మిగిలున్నా పెట్రోల్ ముఖం మీదికి చిమ్ముతుంది, కాబట్టి విప్పే ముందు నట్టు చుట్టూ ఒక గుడ్డ చుట్టాలి. ఆ పనికి నిన్నే అనుకున్నాను. ఆదివారం పొద్దున ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే మొదలుపెడుతున్నా, దయచేసి పొడిగా రా.

ఇట్లు,
మీటర్ చేతికొచ్చిన నీ పాత భక్తుడు,
అనంతపురం